మెయిల్ సర్వర్ నత్తనడక నడుస్తుంటే: నాస్ కొనాలా, ఎస్‌ఎస్‌డీ వేయాలా, సర్వరే తీసేయాలా?

ఒంగోలు, చీమకుర్తి వైపు గ్రానైట్ ఆఫీసులు, నెల్లూరులో రొయ్యల ఎగుమతి చేసేవాళ్ళు, కృష్ణపట్నం పోర్టు పనులు చూసే ఏజెంట్లు... వీళ్ళలో సొంత మెయిల్ సర్వర్ నడుపుకునేవాళ్ళు ఇప్పటికీ బాగానే ఉన్నారు. నేను వెళ్ళిన చోటల్లా వినపడే మాట ఒకటే. "అన్నా, మెయిల్ తెరిస్తే అట్నే తిరగతా ఉంది, ఒక నాస్ తెచ్చి పడేద్దామా?" నాస్ అంటే నెట్‌వర్క్‌కి తగిలించి వాడుకునే డిస్కుల పెట్టె, అది కొనొద్దని నేను అనను. కానీ నాస్ కొని మెయిల్ మొత్తం దాని మీదికి ఎక్కించాక ఇంకా నెమ్మదించిన ఆఫీసులు ఉన్నాయి, అలా ఎందుకైందో తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది.

నాస్ అమ్మేవాళ్ళు చెప్పేది రెండే అంకెలు: ఎన్ని టెరాబైట్లు, సెకనుకు ఎన్ని ఎంబీలు. మెయిల్ సర్వర్‌కి ఆ రెండింటితో పెద్దగా పని లేదు. మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. కొత్తది వస్తే ఫైలు రాయాలి, అది నిజంగా డిస్కు మీదికి చేరిందని ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాతే దాన్ని ఇన్‌బాక్స్‌లోకి జరపాలి. మీరు ఆ మెయిల్ చదివితే ఫైలు పేరు మళ్ళీ మారుతుంది, ఎందుకంటే చదివిన గుర్తు పేరులోనే ఉంటుంది. డిలీట్ కొడితే ఇంకోసారి. అంటే వేగం అనేది ఇక్కడ ఒక్కో చిన్న పనికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుందన్న లెక్క. రొయ్యల్ని క్రేట్లతో కాకుండా ఒక్కొక్కటిగా కాటా వేస్తే ఎంత పెద్ద లారీ తెచ్చి వాకిట్లో పెట్టినా ఏం లాభం?

కొనేముందు, ఆలస్యం ఎక్కడో పట్టుకోండి

పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ తీసుకుని, పంపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళకి దీనికి మంచి ఆధారం లాగ్‌లోనే ఉంది, చాలామంది దాని వైపు చూడనే చూడరు. ప్రతి డెలివరీ లైన్‌లో డిలేస్ అని నాలుగు అంకెలు గీతలు పెట్టి రాసి ఉంటాయి. మొదటిది మెయిల్ క్యూ మేనేజర్ (వరుసలో ఉన్న మెయిల్స్‌ని పంపే భాగం) చేతికి రాకముందు పట్టిన టైము, రెండోది క్యూ మేనేజర్ దగ్గర గడిచినది, మూడోది అవతలి సర్వర్‌తో కనెక్షన్ కుదరడానికి పట్టినది (డీఎన్‌ఎస్‌లో, అంటే పేరుకి ఐపీ అడ్రసు చెప్పే వ్యవస్థలో వెతకడం, టీఎల్‌ఎస్ అనే రహస్య లింకు కుదరడం కూడా ఇందులోకే వస్తాయి), నాలుగోది మెయిల్ నిజంగా పంపడానికి పట్టినది. లోపలి డెలివరీ, అంటే పోస్ట్‌ఫిక్స్ నుంచి డవ్‌కాట్‌కి (మెయిల్‌బాక్సులు దాచి మీకు చూపించే సాఫ్ట్‌వేర్) ఎల్‌ఎమ్‌టీపీ అనే పద్ధతి మీద వెళ్ళే లైన్లు తీసుకుని నాలుగో అంకె చూడండి. అది సెకన్లలో ఉంటే స్టోరేజీ మీద అనుమానపడాల్సిందే. మూడో అంకె పెద్దగా ఉంటే, అదీ బయటికి వెళ్ళే మెయిల్స్‌లో, డిస్కు జోలికి పోకండి, డీఎన్‌ఎస్ చూడండి. మొదటి అంకె పెద్దగా ఉంటే పంపేవాళ్ళ అప్‌లోడ్ నెమ్మదిగా ఉందని గానీ, స్పామ్ ఫిల్టర్ దగ్గర ఇరుక్కుందని గానీ అర్థం.

డీఎన్‌ఎస్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే "సర్వర్ స్లో" అనే ఫిర్యాదుల్లో దీని వాటా మనం అనుకునేదానికంటే ఎక్కువ. మెయిల్ వచ్చిన ప్రతిసారీ పంపినవాడి ఐపీకి రివర్స్ పేరు వెతుకుతారు, స్పామ్ పంపే ఐపీల బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో అడుగుతారు. సర్వర్‌లో డీఎన్‌ఎస్ కింద 8.8.8.8 (గూగుల్ అందరికీ ఇచ్చే డీఎన్‌ఎస్) పెట్టి వదిలేస్తే స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టులు ఆ దారిలో వచ్చే ప్రశ్నలకు సరైన జవాబు ఇవ్వవు, 127.255.255.254 అని ఎర్రర్ కోడ్ పంపిస్తాయి. మీ ఫిల్టర్ సెట్టింగ్ సరిగ్గా లేకపోతే దాన్నే స్పామ్ కింద లెక్కేసి మంచి మెయిల్‌ని కూడా వెనక్కి కొడుతుంది. సర్వర్‌లోనే అన్‌బౌండ్ అనే చిన్న రిజాల్వర్ (డీఎన్‌ఎస్ ప్రశ్నలకు తనే జవాబు వెతికే ప్రోగ్రామ్) వేసుకుంటే సరిపోతుంది. రూపాయి ఖర్చు లేదు, నాస్ కొనడానికి పెట్టుకున్న డబ్బు కొన్నిసార్లు ఇక్కడే మిగిలిపోతుంది.

తర్వాత మెమరీ. వైరస్‌లు పట్టే క్లామ్ ఏవీ తన వైరస్ జాబితా అంతా ర్యామ్‌లో పెట్టుకుంటుంది, ఒక జీబీ పైనే తింటుంది, కొత్త జాబితా వచ్చి మళ్ళీ లోడ్ చేసుకునేటప్పుడు మామూలు సెట్టింగ్‌లో కాసేపు దానికి రెట్టింపు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్‌లో అది, స్పామ్‌అసాసిన్, డవ్‌కాట్, వెబ్‌మెయిల్ అన్నీ కలిసి కూర్చుంటే స్వాప్, అంటే ర్యామ్ చాలక డిస్కుని ర్యామ్‌లా వాడటం, మొదలవుతుంది, స్వాప్ డిస్కు మీదే కాబట్టి చూసేవాళ్ళకి డిస్కు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. వీఎమ్‌స్టాట్ అనే కమాండ్ కొట్టి స్వాప్ లోపలికీ బయటికీ తిరుగుతోందేమో చూడండి. తిరుగుతుంటే ముందు ర్యామ్ వేయండి.

ఇంకొకటుంది, ఇది మన ఆఫీసుల ప్రత్యేకత. ఎక్స్‌పోర్ట్ అనో ఇన్ఫో అనో ఒకే మెయిల్ ఐడీ పెట్టుకుని దాన్ని ఓనరు, మేనేజరు, అకౌంటెంటు, డాక్యుమెంట్లు చూసే అబ్బాయి అందరూ వాళ్ళ వాళ్ళ పీసీల్లో, ఫోన్లలో పెట్టేసుకుంటారు. మెయిల్ చదివే థండర్‌బర్డ్ ప్రోగ్రామ్ ఒక్కటే మామూలుగా ఐదు కనెక్షన్ల దాకా తెరిచి ఉంచుతుంది. డవ్‌కాట్‌లో ఒక యూజర్ ఒక ఐపీ నుంచి 10 కనెక్షన్లకు మించకూడదని డీఫాల్ట్ హద్దు ఉంది. సర్వర్ బయట డేటా సెంటర్‌లో ఉంటే ఆఫీసు మొత్తం ఒకే ఐపీగా కనిపిస్తుంది కదా, పదకొండో కనెక్షన్‌కి గేటు మూసేస్తుంది. అప్పుడు ఒకడికి మెయిల్ వస్తుంది, పక్క సీటువాడికి చక్రం తిరుగుతూ ఉంటుంది. ఆ హద్దు పెంచండి, అంతే. ఎంత ఖరీదైన నాస్ తెచ్చినా ఇది పోదు.

కేబుల్ కూడా. గిగాబిట్‌కి వైరులోని నాలుగు జతలూ బాగుండాలి. ఒక్క జత తెగినా, మూతి తుప్పు పట్టినా లింకు చప్పుడు చేయకుండా 100 ఎంబీపీఎస్‌కి దిగిపోతుంది. సముద్రం పక్క ప్లాంట్లలో ఆర్‌జే 45 మూతుల్లో పచ్చగా చిలుము పట్టడం నేను చూశాను, చీమకుర్తిలో రాతి పొడి స్విచ్ ఫ్యాన్లలో గడ్డకట్టి ఉంటుంది. ఈత్‌టూల్ కమాండ్ కొడితే స్పీడు ఎంతో, ఫుల్ డూప్లెక్సో (రెండు వైపులా ఒకేసారి నడవడం) కాదో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

డిస్కే అని తేలాక

ఐయోస్టాట్ కమాండ్‌ని ఎక్స్ ఆప్షన్‌తో నడిపి, ఒక్కో పనికి పట్టిన టైము చెప్పే అవెయిట్ అనే వరుసలు చూడండి, చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి ఉంటాయి. మామూలు హార్డ్‌డిస్కుకి పది, పదిహేను మిల్లీసెకన్లు సహజం. వంద దాటి అక్కడే నిలబడితే డిస్కు ముందు లైను కట్టి ఉందన్నమాట. ఇది మధ్యాహ్నం ఒక్కసారి చూసి తేల్చొద్దు. మన ఎగుమతి ఆఫీసుల్లో పొద్దున చైనా మెయిల్స్, సాయంత్రం దాటాక అమెరికా మెయిల్స్, మధ్యలో బ్యాకప్ ఎవరో పగలే పెట్టేసి ఉంటారు. మెయిల్‌డిర్ మీద ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రామ్) నడిస్తే లక్షల ఫైళ్ళని ఒక్కొక్కటిగా తడిమి చూస్తుంది, ఆ గంటసేపు మిగతావాళ్ళందరూ ఆగాల్సిందే. టైము మార్చి రాత్రి రెండింటికి పెడితే సగం గోల పోయిన ఆఫీసులు ఉన్నాయి.

హార్డ్‌డిస్కు ఎందుకు చాలదో లెక్కేస్తే తెలుస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకి ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు మీదికి ముల్లు చేరడానికి పట్టే టైము, సగటున సగం చుట్టు ఆగడం కలిపితే సెకనుకి ఎనభై, వంద చిన్న పనులకు మించి చేయలేదు. అలాంటివి నాలుగు పెట్టి రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా తిరిగి లెక్కకట్టేలా ప్యారిటీ అనే లెక్కను అన్నిటి మీదా పంచి రాసే పద్ధతి) కట్టారనుకోండి. ఒక్క చిన్న రాత జరగాలంటే పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ చదవాలి, రెండూ కొత్తవి రాయాలి, మొత్తం నాలుగు పనులు. నాలుగు డిస్కులు కలిసి 320 చేయగలిగితే అందులో మీకు దక్కేది 80 రాతలు, అంటే ఒక్క డిస్కు పని. అవే నాలుగింటినీ రెయిడ్ 10 (ప్రతిదీ రెండు డిస్కుల మీద రాసే పద్ధతి) కడితే 160. స్థలం తగ్గుతుంది నిజమే, మెయిల్‌కి మాత్రం రెయిడ్ 5 పెట్టకండి. నాలుగు డిస్కులు పట్టే నాస్ కొన్నవాళ్ళలో చాలామంది స్థలం కలిసొస్తుందని రెయిడ్ 5కే టిక్ కొడతారు, ఆ తర్వాత తల పట్టుకుంటారు. డిస్కు ఎస్‌ఎమ్‌ఆర్ రకమో కాదో కూడా కొనేముందు చూసుకోండి, పట్టాలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి రాసే ఆ రకం డిస్కులు చిన్న చిన్న రాతలకూ రెయిడ్ రీబిల్డ్‌కీ పనికిరావు.

ఇక అసలు పోలిక

నా ఓటు ముందే చెప్పేస్తాను: ఒకే సర్వర్, వంద లోపు మెయిల్‌బాక్సులు ఉన్న ఆఫీసుకి సర్వర్ లోపలే రెండు ఎస్‌ఎస్‌డీలు (తిరిగే భాగాలు లేని చిప్ డిస్కులు) మిర్రర్ వేసి, అంటే ఒకే డేటా రెండింటి మీదా రాసేలా కట్టి, మెయిల్ వాటి మీద పెట్టండి, నాస్‌ని బ్యాకప్‌కి వాడండి. మన జిల్లాల్లో నేను చూసిన ఆఫీసులు దాదాపు అన్నీ ఈ కొలతలోకే వస్తాయి. సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకి వేలల్లో చిన్న పనులు చేస్తుంది, మధ్యలో నెట్‌వర్క్ అనే మాటే లేదు. ఒక్క జాగ్రత్త. షాపులో చవగ్గా దొరికే ఎస్‌ఎస్‌డీలు గొప్పగా చదువుతాయి గానీ, రాసింది ఖాయం చేయమని ఒత్తిడి పెట్టే పనిలో, అంటే ఎఫ్‌సింక్ దగ్గర, డీలా పడిపోతాయి. పోస్ట్‌ఫిక్స్ ప్రతి మెయిల్‌నీ క్యూలో ఎఫ్‌సింక్ చేశాకే అవతలివాడికి 250 ఓకే, అంటే మెయిల్ అందింది అని చెప్తుంది, కాబట్టి మెయిల్‌కి ఇదే ముఖ్యం. పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉందని స్పెసిఫికేషన్‌లో రాసి ఉన్న డేటా సెంటర్ రకం తీసుకోండి. లోపల చిన్న కెపాసిటర్లు ఉంటాయి, కరెంటు పోయినా చేతిలో ఉన్నది రాసేస్తాయి, అందుకే అవి ధైర్యంగా త్వరగా "అయిపోయింది" అని చెప్పగలవు. రెండూ ఒకే బ్యాచ్‌వి కాకుండా చూసుకుంటే ఇంకా మంచిది.

మెయిల్ చాలా పేరుకుపోయింది, టెరాబైట్లు ఉంది, అంతటికీ ఎస్‌ఎస్‌డీ కొనలేం అంటారా? నిజమే, గ్రానైట్ ఆఫీసుల్లో ప్రతి స్లాబుకీ ఫొటో తీసి మెయిల్ చేస్తారు, అటాచ్‌మెంట్ బేస్ 64లోకి మారేటప్పుడు సైజు మూడో వంతు పెరుగుతుంది, పదిహేను మందికి కాపీ పెడితే మెయిల్‌డిర్‌లో అది పదిహేను ఫైళ్ళు. అప్పుడు క్యూ, డవ్‌కాట్ ఇండెక్స్‌లు (ఏ ఫోల్డర్‌లో ఏముందో రాసుకునే జాబితాలు), ఈ ఏడాది మెయిల్ ఎస్‌ఎస్‌డీ మీద ఉంచి, పాత ఏళ్ళ మెయిల్‌ని ఆర్కైవ్ ఫోల్డర్ కింద పెద్ద డిస్కు మీదికి జరపండి. పాత మెయిల్ ఎవరూ రోజూ తెరవరు. ఇండెక్స్‌ల్ని వేరే చోట పెట్టడానికి డవ్‌కాట్‌లో సెట్టింగ్ ఉంది, దీని ఒక్కదానివల్లే ఫోల్డర్ తెరిచే వేగం బాగా మారుతుంది.

ఇప్పుడు ఐస్కజీ, అంటే నెట్‌వర్క్ మీద డిస్కుని అందించే పద్ధతి. నాస్ ఆల్రెడీ కొనేశారు, దాన్నే వాడాలి, సర్వర్ ఒకటే ఉంది అంటే నేను ఎన్‌ఎఫ్‌ఎస్ (నాస్‌లోని ఫైళ్ళని నెట్‌వర్క్ మీద పంచే పద్ధతి) కంటే ఇదే చెప్తాను. ఇందులో నాస్ మీకు ఫైళ్ళు ఇవ్వదు, ఒక ఖాళీ డిస్కు ఇస్తుంది, దాని మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ 4 లాంటి ఫైల్ సిస్టమ్ మీ సర్వరే వేసుకుంటుంది. అందువల్ల ఫైలు పేర్లు, ఫోల్డర్ జాబితాలు అన్నీ సర్వర్ ర్యామ్‌లోనే కాష్ అవుతాయి, ప్రతి చిన్నదానికీ నాస్‌ని అడగక్కర్లేదు. ఎఫ్‌సింక్‌కి మాత్రం నాస్ డిస్కుల దాకా వెళ్ళాల్సిందే, కాబట్టి నాస్ లోపల హార్డ్‌డిస్కులే ఉంటే అద్భుతాలు జరగవు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఒకే ఐస్కజీ డిస్కుని రెండు సర్వర్లకి ఒకేసారి మౌంట్ చేశారంటే ఫైల్ సిస్టమ్ ముక్కలైపోతుంది, అది రెండు సర్వర్లు కలిసి వాడగలిగే క్లస్టర్ ఫైల్ సిస్టమ్ అయితే తప్ప. స్టోరేజీ ట్రాఫిక్‌కి వేరే నెట్‌వర్క్ కార్డు, వేరే కేబుల్ పెట్టండి. సీసీ కెమెరాల రికార్డింగ్ పోయే స్విచ్ మీదే దీన్నీ నడపొద్దు.

ఎన్‌ఎఫ్‌ఎస్‌ని తిట్టేవాళ్ళు ఎక్కువ, అది చేతకాదని కాదు, చేయించే పని వేరు. రెండు మూడు సర్వర్లు ఒకే మెయిల్‌ని చూడాలంటే ఎన్‌ఎఫ్‌ఎస్ కావాలి. ఒకే సర్వర్‌కి ఎన్‌ఎఫ్‌ఎస్ పెట్టడంలో లాభం కంటే కష్టమే ఎక్కువ. పది వేల మెయిల్స్ ఉన్న ఫోల్డర్‌ని ఇండెక్స్ లేకుండా మొదటిసారి తెరిస్తే ఒక్కో ఫైలుకి తెరవడం, చదవడం, మూయడం అని మూడు సార్లు నాస్‌తో మాట్లాడాలనుకుందాం, ఒక్కో మాటకి అర మిల్లీసెకను వేసుకున్నా పదిహేను సెకన్లు. నాస్ డిస్కు ముల్లు కదలాల్సి వస్తే అది నిమిషాల్లోకి పోతుంది. తప్పదు, ఎన్‌ఎఫ్‌ఎస్సే అంటే: డవ్‌కాట్‌లో ఎమ్‌మ్యాప్ (ఫైలుని నేరుగా ర్యామ్‌లోకి పరిచి చదివే పద్ధతి) ఆపేయండి, మెయిల్ ఎఫ్‌సింక్‌ని ఆల్వేస్ అని పెట్టండి, సర్వర్‌కీ నాస్‌కీ గడియారాలు ఎన్‌టీపీ అనే టైము సరిచేసే పద్ధతితో కలిపి ఉంచండి. ఉన్నది ఒక్క సర్వరే అయితే ఇండెక్స్‌లు లోకల్ డిస్కు మీదికి తెచ్చేయండి. పోస్ట్‌ఫిక్స్ క్యూ మాత్రం ఎప్పుడూ లోకల్‌లోనే ఉండాలి. రెండు సర్వర్లు అయితే ఒక యూజర్ ఎప్పుడూ ఒకే సర్వర్‌కి వెళ్ళేలా ముందు దారి చూపే ప్రాక్సీ పెట్టాలి, లేకపోతే ఇండెక్స్‌లు పాడై ఫోల్డర్లు పిచ్చిపిచ్చిగా కనిపిస్తాయి. ఇంతకుముందు దీనికి డవ్‌కాట్ డైరెక్టర్ వాడేవాళ్ళం, 2.4 వెర్షన్‌లో డైరెక్టర్‌నీ, సర్వర్ల మధ్య మెయిల్ కాపీ చేసే రెప్లికేటర్‌నీ తీసేశారు, పాత గైడ్లు చూసి ప్లాన్ వేసుకుంటే అక్కడే ఆగిపోతారు.

ఎన్‌ఎఫ్‌ఎస్ నెమ్మదిగా ఉందని నాస్ సెట్టింగ్స్‌లో అసింక్ అనే టిక్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. పెడితే వేగం నిజంగానే పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందంటే డిస్కు మీదికి చేరకముందే చేరిందని నాస్ అబద్ధం చెప్తుంది కాబట్టి. ఆ క్షణంలో కరెంటు పోతే, మీ పోస్ట్‌ఫిక్స్ బయ్యరు సర్వర్‌కి "అందింది" అని చెప్పేసిన మెయిల్ ఎక్కడా ఉండదు, అవతలివాడు మళ్ళీ పంపడు, పోయిందని మీకూ తెలియదు. ఎల్‌సీ (బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్) డాక్యుమెంట్లు మెయిల్‌లో తిరిగే ఆఫీసులో ఆ టిక్ పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో సింక్ డిజేబుల్ చేయడం కూడా ఇదే బాపతు. దానికి బదులు పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీని స్లాగ్ (జెడ్‌ఎఫ్‌ఎస్ రాతల్ని ముందుగా ఖాయం చేసుకునే చోటు) కింద ఇవ్వొచ్చు.

విండోస్ షేర్, అంటే ఎస్‌ఎమ్‌బీ మీద మెయిల్ పెడదామనుకునేవాళ్ళకి ఒక్క ముక్క: మెయిల్‌డిర్ ఫైలు పేర్లలో కోలన్ (:) ఉంటుంది, విండోస్ పేర్లలో కోలన్ కుదరదు. వదిలేయండి. అలాగే సర్వర్ చెన్నై డేటా సెంటర్‌లో, నాస్ ఒంగోలు ఆఫీసులో, మధ్యలో వీపీఎన్ అనే ఆలోచన కూడా.

సర్వరే వద్దనుకుంటే

పదిహేను, ఇరవై మెయిల్‌బాక్సులు ఉన్న ఆఫీసుకి, చూసుకునే మనిషి రోజూ అందుబాటులో లేకపోతే, జోహో మెయిల్, గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365 లాంటి వాటికి వెళ్ళిపోవడమే తెలివైన పని. డిస్కు గొడవ వాళ్ళది. సొంత సర్వర్‌కి వేరే చిక్కులూ ఉన్నాయి: 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతివాడికీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే రుజువులు) ఉండాల్సిందే, ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ వేయించుకోవడం ఒక యజ్ఞం, చాలా కనెక్షన్లలో సర్వర్లు మెయిల్ పంపుకునే పోర్టు 25 మూసే ఉంటుంది. అయితే నెలనెలా ఒక్కో ఐడీకి డబ్బు కట్టాలి, ఐడీలు ఎక్కువై ఒక్కోదానిలో మెయిల్ తక్కువ ఉన్న ఆఫీసుకి అది భారమే. ఇంకో సంగతి, మెయిల్ అక్కడుంటే ఆఫీసు ఇంటర్నెట్ పోయిన పూట ఫొటో అటాచ్‌మెంట్ పక్క గదికి పంపాలన్నా కుదరదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అలాంటి రోజుల్లో ఏ లైను ఎప్పుడు తెగుతుందో తెలియదు. కాకపోతే ఫోన్ డేటా ఉన్నచోట నుంచి క్లౌడ్ మెయిల్ అందుతుంది, ఆఫీసులో నీళ్ళు చేరిన సర్వర్ ఎక్కడి నుంచీ అందదు. 2021 నవంబర్ పెన్నా వరద చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. సొంత సర్వర్ ఉంచుకునేవాళ్ళు కనీసం దాన్ని మెట్ల కింద గూట్లోంచి తీసి పై అంతస్తులో పెట్టండి, సర్వర్‌కీ నాస్‌కీ స్విచ్‌కీ కలిపి యూపీఎస్ ఇవ్వండి. సర్వర్‌కి మాత్రమే ఇచ్చి స్విచ్‌ని మర్చిపోతే ఐస్కజీ మధ్యలో తెగి అదో కొత్త తలనొప్పి.

మార్చేటప్పుడు పని ఎక్కువ లేదు. కొత్త ఎస్‌ఎస్‌డీ మీదికి డవ్‌కాట్‌తో వచ్చే డవ్‌అడ్మ్ సింక్ కమాండ్‌తో గానీ ఆర్‌సింక్‌తో గానీ రాత్రిళ్ళు కాపీ నడుపుతూ ఉండండి, మొదటిది గంటలు పడుతుంది, రెండోది నిమిషాల్లో అయిపోతుంది. ఆదివారం డవ్‌కాట్ ఆపి చివరిసారి నడిపి దారి మార్చండి. పాత డిస్కు ఒక నెల అలాగే ఉండనివ్వండి, చెరపకండి. సోమవారం పొద్దున అందరూ ఒక్కసారి లాగిన్ అయ్యే వేళ ఆ డిలేస్ నాలుగో అంకె మళ్ళీ చూడండి. అది దిగి, ఫోల్డర్లు తెరవడం బాగున్నా మెయిల్ లోపల వెతకడం ఒక్కటే నెమ్మదిగా ఉందంటే స్టోరేజీ పని అయిపోయినట్టే, అక్కడ కావాల్సింది సెర్చ్ ఇండెక్స్, డవ్‌కాట్‌కి ఫ్లాట్‌కర్వ్, సోలర్ అనే సెర్చ్ ప్రోగ్రాముల్లో ఒకటి తగిలించండి. చిన్న ఆఫీసుకి ఫ్లాట్‌కర్వ్ చాలు, సోలర్ తన జావాకే బోలెడు ర్యామ్ అడుగుతుంది.